తెలుపు అంచున: ఫిల్ములో, డిజిటల్‌లో వెలుగు ఎక్కడ పోతుంది

(విశాఖపట్నంలో ఫొటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విశాఖలో కెమెరా పట్టినవాళ్లకి ఒక సమస్య ఊరితోపాటే వస్తుంది. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే బీచ్‌కి వెళ్తే సూర్యుడు మన కళ్లకి ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. ఒడ్డుకొచ్చే పడవలు, వల లాగే మనుషులు, అన్నీ నీడవైపు నుంచే మనకి కనిపిస్తాయి. మే నెలలో ఐదున్నర లోపే సూర్యుడు వచ్చేస్తాడు. ఇంకో ఇరవై నిమిషాలు గడిచేసరికి ఆకాశానికీ, పడవ లోపలి చీకటికీ మధ్య తేడా ఏ కెమెరా కూడా ఒక్క క్లిక్కులో పట్టుకోలేనంత పెరిగిపోతుంది. మనిషి ముఖం కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లబోతుంది. ఆకాశం నిలబెడితే మనిషి నల్లటి బొమ్మ అయిపోతాడు.

తెల్లబోయిన ఆ భాగాన్ని మనం "బర్న్ అయింది" అంటాం, "వైట్ కొట్టేసింది" అంటాం. దాని గురించే ఈ రోజు మాట్లాడదామనుకున్నాను. "ఫిల్ములో ఇలా ఉండేది కాదండీ, డిజిటల్ వచ్చాకే ఈ బాధ" అని స్టూడియోల్లో పెద్దవాళ్లు అంటూ ఉంటారు. ఈమధ్య ఫిల్ము మొదలుపెట్టిన కుర్రాళ్లూ అదే అంటున్నారు. అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఏమిటో తెలిస్తే డిజిటల్‌ని కూడా బాగా వాడుకోవచ్చు. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ఫొటోలో కొంత తెలుపు పోతే పోనివ్వొచ్చు, కానీ ఆ తెలుపు దాకా టోన్లు, అంటే వెలుగునీడల ఛాయలు, ఎలా నడిచి వెళ్లాయో చూసుకోవాలి. ఫిల్ము మన కంటికి నచ్చేది ఆ నడక వల్లే.

ముందు సెన్సర్ సంగతి చూద్దాం. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ తన మీద పడ్డ కాంతిని ఎలక్ట్రాన్లుగా మార్చి పోగు చేసుకుంటుంది. షట్టర్ మూసుకున్నాక ఎంత పోగయిందో కెమెరా లెక్కగడుతుంది. వెలుగు రెట్టింపైతే లెక్క కూడా రెట్టింపవుతుంది. వీధి కుళాయి దగ్గర వరసగా పెట్టిన బిందెల్లాంటివి ఈ పిక్సెళ్లు. బిందె నిండేదాకా ఎన్ని నీళ్లు పడ్డాయో కొలిచి చెప్పొచ్చు. నిండిపోయాక ఒక చెంబుడు పొర్లిందో, పది బిందెల నీళ్లు పొర్లాయో బిందెని చూసి చెప్పలేం. సూర్యుడి పక్కనున్న మబ్బు, దాని పక్కనున్న పలచని మబ్బు, ఆ వెనకున్న ఆకాశం, మూడూ పిక్సెళ్లని నింపేస్తే మూడూ ఒకే తెలుపు. వాటి మధ్య తేడా ఫైలులోకి రానేలేదు. రానిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఇక్కడ ఒక అంకె గుర్తుపెట్టుకోండి. రా ఫైలు అంటే సెన్సర్ కొలిచింది కొలిచినట్టే దాచిన ఫైలు. 14 బిట్ల రా ఫైలులో వెలుగుని కొలిచే మెట్లు 16,384 ఉంటాయి. వాటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా పైనున్న ఒక్క స్టాపుకే పోతాయి. ఒక స్టాపు పెరిగిందంటే వెలుగు రెట్టింపైందని అర్థం. దాని కింది స్టాపుకి 4,096. ఆ కిందిదానికి 2,048. కిందికి దిగేకొద్దీ మెట్లు సగం సగం తగ్గుతూ పోతాయి. అంటే పై అంచుకి కాస్త ఇవతలే ఉన్న టోన్‌లో సమాచారం పుష్కలంగా ఉంటుంది. అంచు దాటగానే ఏమీ ఉండదు. డిజిటల్‌లో వచ్చే తెల్లటి మచ్చ అంత మొరటుగా, కత్తిరించినట్టు కనిపించడానికి కారణం ఇదే. బాగా ఉన్న చోటు నుంచి ఏమీ లేని చోటుకి ఒక్క పిక్సెల్ దూరంలో పడిపోతుంది.

ఇప్పుడు ఫిల్ము. 1890లో ఇంగ్లండ్‌లో ఫెర్డినాండ్ హర్టర్ అనే కెమిస్టు, వెరో డ్రిఫీల్డ్ అనే ఇంజనీరు కలిసి, ఫొటో తీసే గాజు ప్లేటు మీద పడిన వెలుగుకీ, కడిగాక అక్కడ చేరే నలుపుకీ ఉన్న సంబంధాన్ని కొలిచి గీతగా గీశారు. ఇప్పటికీ ఫిల్ము కంపెనీలు ప్రతి ఫిల్ముకీ అచ్చువేసే గీత ఆ రకందే. కింద కాస్త వంగి, మధ్యలో ఏటవాలుగా తిన్నగా ఎక్కి, పైన మళ్లీ మెల్లగా వంగుతుంది. కింది వంపుని టో అంటారు, పై వంపుని షోల్డర్ అంటారు. సెన్సర్‌కి లేనిది ఈ షోల్డరే. సెన్సర్ గీత తిన్నగా పైకి పోయి కప్పుకి తగిలి ఆగిపోతుంది.

షోల్డర్ ఎందుకు వస్తుందో తెలుసుకుంటే చాలా విషయాలు విడిపోతాయి. ఫిల్ము పూతలో వెండి లవణాల గింజలు లక్షలు లక్షలుగా ఉంటాయి. అన్నీ ఒక సైజులో ఉండవు. పెద్ద గింజకి కొద్దిపాటి వెలుగు చాలు, చిన్న గింజకి ఎక్కువ కావాలి. వెలుగు పెరిగేకొద్దీ ముందు పెద్దవి మేల్కొంటాయి, ఆ తర్వాత మధ్యరకం, చివరికి చిన్నవి. బాగా వెలుగున్న చోట మేల్కోవడానికి ఇంకా మిగిలున్న గింజలు తక్కువ, ఉన్నవి కూడా మొండివి. అందుకని వెలుగు రెట్టింపైనా నలుపు కొంచెమే పెరుగుతుంది. కొంచెమే అయినా పెరుగుతుంది, అది ముఖ్యం. కలర్ నెగెటివ్‌లో, అంటే వెలుగునీడలు తిరగబడి వచ్చే రంగుల ఫిల్ములో, అయితే తయారీదారులే ఒక్కో రంగుకి వేగంగా స్పందించే పొర, నెమ్మదిగా స్పందించే పొర వేరువేరుగా వేస్తారు. మామూలు కలర్ నెగెటివ్‌కి రెండు, మూడు స్టాపులు ఎక్కువ వెలుగిచ్చినా పనికొచ్చే ప్రింటు వస్తుంది. డిజిటల్‌లో మూడు స్టాపులు ఎక్కువిస్తే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు.

దీన్నిబట్టి "ఫిల్ములో హైలైట్లు (బాగా వెలుగున్న చోట్లు) పోవు" అనుకోకూడదు. ఏ ఫిల్ము అని అడగాలి. నేరుగా అసలు బొమ్మే వచ్చే స్లైడు ఫిల్ము వాడినవాళ్లు ఈ హాల్లో ఉన్నారా? ముగ్గురు, నలుగురు చేతులెత్తారు. సంతోషం. స్లైడులో అర స్టాపు ఎక్కువైతే మబ్బు అంచులు పలచబడేవి, ఒక స్టాపు ఎక్కువైతే ఆ చోట ఉత్త గాజులాంటి ఫిల్ము మిగిలేది. దాని మొత్తం పరిధి సుమారు 5, 6 స్టాపులు. 1935లో వచ్చిన కోడాక్రోమ్ అనే స్లైడు ఫిల్ముని 2009లో ఆపేసేదాకా పత్రికల ఫొటోగ్రాఫర్లు ఎంతోమంది దానితోనే పనిచేశారు. వాళ్లందరూ వెలుగుకి కొలత తీసి, నీడని దాని దారికి వదిలేసినవాళ్లే. పోలిస్తే డిజిటల్‌ని స్లైడుతో పోల్చాలి. నెగెటివ్‌తో పోల్చి, నెగెటివ్ అలవాట్లతో డిజిటల్ తీస్తే దెబ్బతింటాం.

నెగెటివ్ వాడేవాళ్లకి పాత నియమం ఒకటుంది: నీడకి ఎక్స్‌పోజర్ (సరిపడా వెలుగు) ఇవ్వు, వెలుగుని కడగడంలో చూసుకో. నీడలో వివరం నమోదు కాకపోతే నెగెటివ్‌లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది, అది ఎప్పటికీ రాదు. వెలుగు ఎక్కువైతే నెగెటివ్ అక్కడ చిక్కబడుతుంది, కానీ వివరం లోపల ఉంటుంది. నెగెటివ్‌ని కాగితం మీద పెద్దదిగా ప్రింటు వేసే ఎన్‌లార్జర్ కింద మిగతా కాగితాన్ని చేత్తోనో, కన్నం చేసిన అట్టతోనో కప్పి, ఆ చోటుకి ఇంకొన్ని సెకన్లు వెలుగిస్తే మబ్బులు కాగితం మీదికి దిగొస్తాయి. డిజిటల్‌లో లెక్క తిరగబడింది. ఇప్పటి సెన్సర్లలో నీడని రెండు మూడు స్టాపులు పైకి లాగినా కాస్త నాయిస్ (గరుకు చుక్కలు) తప్ప పెద్ద నష్టం లేదు. పైకి పోయిందే తిరిగి రాదు. అంటే ఫిల్ము నుంచి డిజిటల్‌కి మారినవాళ్లు తమ జాగ్రత్త మొత్తాన్నీ కింది అంచు నుంచి పై అంచుకి మార్చుకోవాలి. చాలామంది కెమెరా మార్చారు గానీ ఈ జాగ్రత్త మార్చుకోలేదు.

ఆకాశం పోవడం డిజిటల్‌తో మొదలవలేదని చెప్పడానికి ఇంకో సంగతి. ఇది సముద్రం తీసే మనందరికీ బాగా దగ్గరిది. 1850లలో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ సముద్రాన్ని తీశాడు. అప్పటి కొలోడియన్ పూత ప్లేట్లు నీలానికే ఎక్కువగా స్పందించేవి. అలలకీ, ఒడ్డుకీ సరిపడా వెలుగిస్తే నెగెటివ్‌లో ఆకాశం ఎంత చిక్కబడేదంటే ప్రింటులో ఉత్త తెల్ల కాగితమే కనిపించేది. లె గ్రే ఏం చేశాడంటే, కొన్ని చిత్రాలకి సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ తీసి, రెండింటినీ సముద్రపు గీత దగ్గర కలిపి ఒకే కాగితం మీద ప్రింటు వేశాడు. ఇవాళ మనం రెండు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్‌లో కలుపుతున్నది అదే పని. దాన్ని మోసం అనేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. కన్ను ఆకాశాన్నీ చూసింది, అలనీ చూసింది. ప్లేటు ఒకదాన్నే చూడగలిగితే రెండోదాన్ని చేత్తో చేర్చిన మనిషిని నేను గౌరవిస్తాను.

ఇక మన పనిలోకి వద్దాం. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. పెళ్లిలో నాకు అన్నిటికన్నా కష్టమైనవి మధుపర్కాలు. తెల్లటి నూలు బట్ట, సన్నని రంగు అంచు, దాని పక్కనే పసుపు రాసిన ముఖం, దాని మీద వీడియోవాళ్ల లైట్లు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మొత్తాన్ని చూసి సగటు చెప్తుంది. మండపం వెనక ముదురు రంగు పరదా ఉంటే కెమెరా అంతా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది. ముఖం బాగుంటుంది, బట్ట నేత మాయమవుతుంది. ఆ నేత కనిపించకపోతే అది బట్టలా ఉండదు, ఎవరో తెల్ల కాగితం కత్తిరించి అతికించినట్టుంటుంది. ఆల్బమ్ చూసే పెళ్లికూతురి అమ్మమ్మకి హిస్టోగ్రామ్ (కెమెరా గీసి చూపించే వెలుగునీడల గ్రాఫు) అంటే తెలియకపోవచ్చు. ఆ బట్ట బాగా రాలేదని మాత్రం ఆవిడకి వెంటనే తెలుస్తుంది. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరా ఇదే జరుగుతుంది. నల్లటి ఆ ఒడలు ఫ్రేము నిండా ఉంటే మీటరు దాన్ని బూడిద రంగుకి తేవాలని చూస్తుంది, వెనకున్న ఆకాశం బలైపోతుంది.

2004లో ఫుజీఫిల్మ్ ప్రకటించిన ఎస్3 ప్రో కెమెరా మీలో కొందరికి గుర్తుండొచ్చు. దాని సెన్సర్‌లో ఒక్కో చోట రెండు గ్రాహకాలు పెట్టారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది నిండిపోయాక కూడా చిన్నది ఇంకా కొలుస్తూ ఉంటుంది. నెగెటివ్‌లో చిన్న గింజలు చేసే పని అది. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఆ కెమెరాని అంత ఇష్టపడింది తెల్ల బట్టలు నిలబడ్డందుకే. ఆ దారిలో ఇంకా ఎక్కువ కెమెరాలు రాకపోవడం నాకు ఇప్పటికీ లోటుగానే అనిపిస్తుంది.

రంగుల గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ ఫొటోలు పాడవుతున్నాయి. హైలైట్ పోవడమంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకేసారి పోవడం అనుకుంటాం. అలా జరగడం అరుదు. ముందు ఒకటి పోతుంది, ఆ తర్వాత రెండోది, చివరికి మూడోది. పగటి వెలుగులో రా ఫైలు దగ్గర సాధారణంగా ఆకుపచ్చ ముందు నిండుతుంది. ఉదయించే సూర్యుడి చుట్టూ అయితే ఎరుపు ముందు పోతుంది. ఒక రంగు ఆగిపోయి మిగతావి పెరుగుతూ ఉంటే రంగుల నిష్పత్తి మారిపోతుంది. అందుకే సూర్యుడి చుట్టూ నారింజ నుంచి మెల్లగా తెలుపుకి వెళ్లాల్సిన చోట పసుపు పట్టీ ఒకటి గీత గీసినట్టు వస్తుంది. కలర్ నెగెటివ్‌లో మూడు పొరలూ మెల్లగా వంగుతూ తెలుపు వైపు వెళ్తాయి కాబట్టి ఆ పట్టీ కనిపించదు. "ఫిల్ము రంగులు బాగుంటాయి" అని మనం అనేదాంట్లో పెద్ద భాగం ఇదేనని నా నమ్మకం.

ఒక్క రంగే పోయే సందర్భాలు మన చుట్టూ చాలా ఉన్నాయి. కుంకుమ బొట్టు, మందార పువ్వు, ఎర్ర పట్టుచీర, సాయంత్రపు ఏటవాలు ఎండలో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. వీటిలో ఎరుపు నిండిపోతుంది, మిగతా రెండూ కిందే ఉంటాయి. అన్నిటినీ కలిపి ఒకే తెల్ల గీతగా చూపించే హిస్టోగ్రామ్ "అంతా బాగుంది" అంటుంది. ఇంటికొచ్చి చూస్తే దిబ్బ మీద వాన కోసిన చారలన్నీ ఒకే ఎర్రటి ముద్దలో కలిసిపోయి ఉంటాయి. మూడు రంగులకీ విడివిడిగా హిస్టోగ్రామ్ చూపించే సెట్టింగ్ మీ కెమెరాలో ఉంటే ఇవాళే పెట్టుకోండి.

ఆ హిస్టోగ్రామ్ కూడా జేపెగ్‌ని, అంటే కెమెరా కుదించి తయారుచేసిన ఫొటో ఫైలుని, చూసి గీసిందేనని మర్చిపోకూడదు. మీరు రా తీస్తున్నా కెమెరా వెనక కనిపించేది జేపెగ్ లెక్కే. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, పైగా తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ కోసం ఎరుపునీ నీలాన్నీ కెమెరా హెచ్చించి ఉంటుంది. అందుకని తెర మీద ఆకాశం మిణుకుమిణుకుమని హెచ్చరిస్తున్నా రా ఫైలులో అది బతికే ఉండొచ్చు. ఎంత బతికుందో మీ కెమెరాకి మీరే కొలుచుకోవాలి. ఎండలో తెల్ల పంచె ఒకటి ఆరేయండి. ఒక్క చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరుతో దాని మీదే కొలత తీసి, మీటరు చెప్పిన దానికన్నా ఒక స్టాపు పైన మొదలుపెట్టి, మూడో వంతు స్టాపు చొప్పున పెంచుకుంటూ నాలుగు స్టాపుల దాకా తీయండి. రా ఫైళ్లు తెరిచి, హైలైట్లు కిందికి దించి, నేత ఏ ఫ్రేము దగ్గర మాయమైందో చూడండి. సాధారణంగా అది రెండున్నర, మూడున్నర స్టాపుల మధ్య వస్తుంది. అది తెలిశాక పెళ్లిలో మధుపర్కాల మీద కొలత తీసి, ఆ అంచుకి అర స్టాపు ఇవతల పెట్టుకుంటే ముఖాన్ని తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. బట్ట భద్రంగా ఉంటుంది.

అన్ని తెలుపులనీ కాపాడాలని మాత్రం అనుకోకండి. పొద్దుటి నీళ్ల మీద తళుకులు, నగ మీద మెరుపు, బైకు అద్దంలో సూర్యుడు, ఇవి పోవాలి. వాటిలో చూడాల్సిన వివరం ఏదీ ఉండదు. వాటిని కాపాడదామని ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఫొటో మొత్తం మసకబారుతుంది. ఈమధ్య ఇంకో అలవాటు చూస్తున్నాను, అది నన్ను బాధపెడుతోంది. హైలైట్ స్లైడరుని ఆ చివరికి లాగేస్తున్నారు. రుషికొండ దగ్గర అల విరిగినప్పుడు నురగ ఎంత తెల్లగా ఉంటుందో మనందరం చూస్తాం. ఆ ఫొటోల్లో నురగ బూడిద రంగులో, సిమెంటు కలిపిన నీళ్లలా ఉంటోంది. నురగ తెల్లగా ఉండాలి. దాని లోపలి బుడగలు కాస్త కనిపించాలి, అంతే.

(సభలోంచి ప్రశ్న: సార్, ఫోన్‌లో తీస్తే ఆకాశం ఎప్పుడూ పోవట్లేదు కదా, మరి పెద్ద కెమెరాలో ఎందుకు పోతోంది?)

మంచి ప్రశ్న బాబూ. నువ్వు ఒక్కసారి నొక్కితే ఫోన్ చాలా ఫ్రేములు తీస్తుంది. వాటిని కావాలనే తక్కువ వెలుగుతో తీసి, ఒకదాని మీద ఒకటి కలిపి, నీడల్లో నాయిస్ తగ్గించి పైకి లేపుతుంది. ఆకాశాన్ని ముందే కాపాడుకుని తర్వాత మిగతాది కట్టుకొస్తుందన్నమాట. ఇంతసేపూ నేను చెప్పిన పద్ధతిని అది మనకి తెలియకుండా చేస్తోంది. దాంతో ఇబ్బంది ఏమిటంటే, ఎంత లేపాలో అదే నిర్ణయిస్తుంది. బొర్రా గుహల్లో పైకప్పు కన్నంలోంచి వెలుగు పడే చోట ఫోన్‌తో తీసి చూడు. గుహంతా ట్యూబ్‌లైట్లు పెట్టినట్టు వస్తుంది. అక్కడ చీకటి ఎంతుందో నీకు తెలుసు, ఫోన్‌కి తెలియదు.

(ఇంకో ప్రశ్న: నేను కలర్ నెగెటివ్ తీస్తున్నానండి. మీరు అందులో వివరం ఉంటుందన్నారు, నాకు వచ్చే స్కానుల్లో ఆకాశం తెల్లగానే ఉంటోంది.)

నెగెటివ్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడమ్మా. ఆకాశం ఉన్న చోట చిక్కగా ఉండి, ఆ చిక్కదనంలో కొద్దిగా తేడాలు కనిపిస్తే వివరం ఉన్నట్టే. పోగొట్టింది స్కానింగ్. ల్యాబ్‌లో హడావుడిగా కాంట్రాస్ట్ పెంచి చిన్న జేపెగ్ ఇచ్చేస్తే చిక్కటి చోట్లు కోసుకుపోతాయి. కాంట్రాస్ట్ తక్కువగా, 16 బిట్ల టిఫ్ ఫైలుగా స్కాన్ చేసి ఇమ్మని అడుగు. డిజిటల్ కెమెరాతో నువ్వే నెగెటివ్‌ని కాపీ చేసుకుంటున్నట్టయితే చిక్కటి ఆకాశానికి ఇంకో ఎక్స్‌పోజర్ ఎక్కువ వెలుగుతో విడిగా తీసి కలుపుకోవచ్చు.

చివరిగా ప్రింటు గురించి ఒక్క మాట, ఇది అడిగి చెప్పించుకునేవాళ్లు తక్కువ. ఇంక్‌జెట్ ప్రింటరు ఫైలులో 255, అంటే పూర్తి తెలుపు, ఉన్న చోట సిరా వేయదు. నిగనిగలాడే కాగితం మీద ప్రింటుని కాస్త వంచి పట్టుకుంటే సిరా ఉన్న చోటుకీ, ఉత్త కాగితానికీ మెరుపులో తేడా కనిపిస్తుంది. తెర మీద కనిపించని మచ్చ గోడ మీద కనిపిస్తుంది. అందుకని ప్రింటుకి పంపే ఫైలులో అన్నిటికన్నా తెల్లటి చోటుని 250 దగ్గర ఆపండి. పోయిన వివరం దాంతో రాదు గానీ, ఆ చోట కూడా పలచగా సిరా పడుతుంది, అంచు తెలియదు. పెద్ద సైజు ప్రింటు వేయించే ముందు ఆకాశం ఉన్న ముక్కని చిన్న కాగితం మీద ఒకసారి వేయించి, ఎండ పడే చోట పట్టుకుని చూసుకోండి.